ఆ ఉగాదికి అన్నయ్య రాకపోయి ఉంటే...

హైదరాబాద్ నిజాంపేట నుంచి ఒక పాఠకురాలు ఏడు పేజీల ఉత్తరం రాశారు. వయసు 41, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పేరు వద్దన్నారు. అంతా వేయడానికి చోటు చాలదు కాబట్టి సంగతి నా మాటల్లో చెబుతున్నాను.

ఈమె అమ్మానాన్నలు సీతాఫల్‌మండిలో రెండు గదుల ఇంట్లో ఉండేవారు. నాన్న రైల్వేలో చేసి రిటైరయ్యారు. అన్నయ్యది ఉప్పల్‌లో టెంట్ హౌస్. పెళ్లిళ్లకు షామియానాలు, కుర్చీలు, వంట సామాన్లు అద్దెకిస్తాడు. 2020 మార్చిలో కరోనా లాక్‌డౌన్ పడగానే ఆ వేసవి ముహూర్తాలన్నీ పోయాయి. బండి అమ్మేశాడు. ఆరుగురు పనివాళ్లను ఊళ్లకు పంపేశాడు. ఆ రోజుల నుంచే అన్నాచెల్లెళ్ల మధ్య వాదన మొదలైంది. "ఎలాగూ అందరికీ వచ్చేదే, తొందరగా వచ్చిపోతే హెర్డ్ ఇమ్యూనిటీ (సామూహిక రక్షణ) వస్తుంది, తలుపులు మూసుకుంటే ఆగుతుందా" అని ఆయన. పరీక్షలు పెంచాలి, కట్టడి గట్టిగా ఉండాలి అని ఈమె. అప్పుడు ఈమె తమ అపార్ట్‌మెంట్ కమిటీకి సెక్రటరీ కూడా. నాలుగు నెలలు పనిమనుషుల్ని గేటు దాటనివ్వలేదట.

2021 మార్చిలో, హైదరాబాద్‌లో సగానికి పైగా జనం రక్తంలో యాంటీబాడీలు, అంటే కరోనా సోకిందని చెప్పే గుర్తులు, ఉన్నాయని సర్వే వచ్చింది. "ఇక అయిపోయింది, నేను చెప్పిందే జరిగింది" అన్నాడు అన్నయ్య. ఏప్రిల్ 13 ఉగాది. ముందురోజు ఒళ్లు నొప్పులుగా ఉంటే ర్యాపిడ్ టెస్ట్ చేయించుకున్నాడు. నెగెటివ్ వచ్చింది. పండగకు వచ్చాడు, నాన్న పక్కనే కూర్చుని భోంచేశాడు. ఒళ్లు నొప్పుల మాట ఎవరికీ చెప్పలేదు. అది తర్వాత వదిన నోట బయటపడింది. 17న నాన్నకు జ్వరం. 22కల్లా ఆక్సిజన్ పడిపోయింది. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పన్నెండు రోజులు ఉండి, మే మొదటి వారంలో పోయారు. అన్నయ్య పీపీఈ కిట్‌లోనే నిప్పు పెట్టాడు. ఈమె వీడియో కాల్‌లో చూశారు.

అప్పటి నుంచి ఇద్దరి మధ్యా మాటలు అమ్మ ద్వారానే. ఈమధ్య ఫ్యామిలీ గ్రూపులో ఆయన ఒక మెసేజ్ పెట్టాడు. "చివరికి వచ్చింది హెర్డ్ ఇమ్యూనిటీయేగా. మధ్యలో లాక్‌డౌన్లు పెట్టి మాలాంటోళ్ల పొట్ట కొట్టారు." ఆ రాత్రి ఈమె పెద్ద జవాబు టైప్ చేసి, పంపకుండా చెరిపేశారు. చైత్ర బహుళంలో నాన్న తద్దినం. ఈసారైనా ఇద్దరూ ఉప్పల్ ఇంట్లో కలిసి ఉండాలని అమ్మ పట్టు. ఈమె అడిగినవి మూడు. "మా ఇద్దరిలో ఎవరిది కరెక్ట్? నాన్న పోయింది నీవల్లేనని ఒక్కసారైనా అన్నయ్య ముఖాన అనాలా, వద్దా? తద్దినానికి వెళ్లాలా?"

అమ్మా,

మూడు ప్రశ్నలు అడిగినా, నాలుగు పేజీలు మొదటిదానికే రాశారు. స్వీడన్ నుంచి మన హైకోర్టు దాకా అన్నీ ఉన్నాయి అందులో. కాబట్టి ముందు దాని సంగతే చూద్దాం. ఆ తీర్పు వస్తే మిగతా రెండూ తేలిపోతాయని మీరు అనుకుంటున్నారు. నాకు అలా అనిపించడం లేదు.

హెర్డ్ ఇమ్యూనిటీ అంటే అందరికీ జబ్బు వచ్చిపోవడం కాదు. చుట్టూ ఉన్నవారిలో చాలామందికి రక్షణ ఉండటం వల్ల, ఆ రక్షణ లేనివాడి దాకా కూడా జబ్బు రాకపోవడం. ఒకరి నుంచి సగటున ముగ్గురికి అంటుకునే జబ్బయితే, ప్రతి ముగ్గురిలో ఇద్దరికి రక్షణ ఉంటే వ్యాప్తి తగ్గుముఖం పడుతుంది. 2020లో అందరి నోటా ఆడిన 60-70 శాతం ఈ లెక్కలోంచే వచ్చింది. ఒకరి నుంచి ఐదారుగురికి అంటుకునేది వస్తే అదే లెక్క 80 శాతానికి, ఆపైకి పోతుంది. తట్టులాంటిదానికి 95 దగ్గర. అంటే ఆ అంకె వైరస్‌ను బట్టి మారుతుంది. పైగా ఒకసారి వచ్చినవారికి మళ్లీ రాదన్న షరతు మీదే ఆ లెక్కంతా నిలబడింది. మసూచికి, తట్టుకు అది సరిపోయింది. కరోనాకు సరిపోలేదు.

మీ అన్నయ్య చూపించిన సర్వే అబద్ధం కాదు. హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థ సీసీఎంబీ, జాతీయ పోషకాహార సంస్థ, టీకా కంపెనీ భారత్ బయోటెక్ కలిసి చేశాయి. నగరంలోని 30 వార్డుల నుంచి దాదాపు 9 వేల మంది నమూనాలు తీశారు. సుమారు 54 శాతం మందిలో యాంటీబాడీలు కనిపించాయి. అలా కనిపించినవారిలో నాలుగింట మూడొంతుల మందికి తమకు కరోనా వచ్చిపోయిందనే తెలియదు. ఇంతవరకూ ఆయన చెప్పినట్టే ఉంది. అయితే కొన్ని వార్డుల్లో 70 శాతం దాకా ఉంటే, కొన్నింట్లో 30 దగ్గరే ఆగింది. డెబ్బై దాటిన పెద్దవాళ్లలో సగటు కన్నా తక్కువ. వాళ్లు ఇంట్లో కూర్చున్నారు కదా మరి. నగరానికి ఒక అంకె ఉంటుంది, మీ నాన్నగారికి మాత్రం ఆ 54లో వాటా లేదు. అప్పటికే డెల్టా అనే కొత్త రకం కరోనా వచ్చేస్తోంది, ఆ 54ను అది లెక్కచేయలేదు. బ్రెజిల్‌లోని మనౌస్‌లో అంతకుముందే ఇది జరిగింది. అక్కడ 2020 అక్టోబరుకల్లా నాలుగింట మూడొంతుల మందికి సోకి ఉంటుందని రక్తదాతల నమూనాలతో అంచనా వేశారు. జనవరిలో ఆ ఊరి ఆసుపత్రుల్లో ఆక్సిజన్ అయిపోయింది.

పెద్దవాళ్లను జాగ్రత్తగా కాపాడుకుని, మిగతావాళ్లు మామూలుగా తిరిగితే చాలన్న వాదన కూడా ఆయన చేశాడని రాశారు. అది ఆయన పుట్టించింది కాదు. 2020 అక్టోబరులో అమెరికాలోని గ్రేట్ బారింగ్టన్ అనే ఊళ్లో ముగ్గురు పేరున్న ప్రొఫెసర్లు సరిగ్గా ఇదే రాసి సంతకాలు పెట్టారు. రెండు వారాలు తిరక్కుండానే, అది కుదరదంటూ మరికొందరు శాస్త్రవేత్తలు ఎదురు ప్రకటన ఇచ్చారు. వాళ్లందరినీ పక్కన పెట్టండి. సీతాఫల్‌మండిలో రెండు గదుల ఇల్లు, ఒకటే బాత్‌రూమ్. పాలవాడు, పండగకు వచ్చే కొడుకు, మనవలు. ఇందులో పెద్దాయన్ని విడిగా ఎక్కడ కాపాడతారు? ఆ వాదనకు నా అభ్యంతరం అంతా ఆ రెండు గదుల దగ్గరే ఉంది. కఠినంగా తలుపులు మూయని స్వీడన్‌లో చాలామంది ఒంటరిగానే ఉంటారు. అక్కడ కూడా 2020లో వృద్ధాశ్రమాల్లోని పెద్దవాళ్లను కాపాడలేకపోయామని ప్రభుత్వం వేసిన కమిషనే చెప్పింది. పక్కనే ఉన్న నార్వే, ఫిన్లాండ్‌ల కన్నా ఆ ఏడాది అక్కడ చావులు చాలా ఎక్కువ. అలాగని మొత్తం మూడేళ్ల లెక్క తీస్తే, కఠినంగా తలుపులు మూసిన చాలా యూరప్ దేశాల కన్నా స్వీడన్‌లో అదనపు చావులు తక్కువే. ఈ రెండో వాక్యం మీ ఉత్తరంలో లేదు. ఆయన మెసేజుల్లో మొదటిది ఉండి ఉండదు.

మీ పక్షం సంగతి కూడా చూడాలి. కట్టడి వల్ల వ్యాప్తి నెమ్మదించింది, ఆసుపత్రులకు, టీకాకు సమయం దొరికింది. దాన్ని నేను కాదనను. దాని ఖరీదు మాత్రం అందరూ సమానంగా కట్టలేదు. మీరు నిజాంపేటలో లాప్‌టాప్ ముందు కూర్చున్నారు, జీతం పడింది. ఆయన కుర్చీలు గోడౌన్‌లో దుమ్ము పట్టాయి. ప్రైవేటు స్కూలు టీచర్లు కూరగాయలు అమ్ముకున్నారు. 2021 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వం వాళ్లకు నెలకు 2 వేల రూపాయలు, 25 కిలోల బియ్యం ఇవ్వాల్సి వచ్చింది. మీ గేటు దగ్గర ఆపేసిన పనిమనుషులకు ఆ నాలుగు నెలల జీతం ఇచ్చారో లేదో మీరు రాయలేదు, నేను అడగను. నేనూ ఆ రోజుల్లో పాల ప్యాకెట్లు సర్ఫ్ నీళ్లలో కడిగినవాణ్నే. కూరగాయలు రెండు రోజులు బాల్కనీలో ఎండబెట్టాను. అసలు ముప్పు గాలిలో ఉంటే మనం ప్యాకెట్ల మీద పడ్డాం. కిటికీలు తీయమని చెప్పాల్సిన చోట రోడ్ల మీద బ్లీచింగ్ కొట్టించాం.

మరి చివరికి వచ్చింది హెర్డ్ ఇమ్యూనిటీయేనా? కాదు. 2022 జనవరిలో ఒమిక్రాన్ అనే మరో రకం, టీకా వేసుకున్నవారికీ వచ్చింది, అంతకుముందు వచ్చిపోయినవారికీ వచ్చింది. ఇప్పటికీ వచ్చిపోతూనే ఉంది. వ్యాప్తి ఆగలేదు, తగ్గింది చావులు. టీకాల వల్ల, పాత ఇన్ఫెక్షన్ల వల్ల ఒంటికి ఆ జబ్బు కొత్త కాకుండా పోయింది. 2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర పరిస్థితి ముగిసిందని చెప్పింది కూడా అందుకే. ఆ స్థితికి టీకా వేసుకుని చేరడం ఒకటి, వేసుకోకముందే డెల్టా చేతికి చిక్కడం ఇంకొకటి. మీ అన్నయ్య మెసేజ్‌లో ఈ తేడా లేదు. రెండో వాక్యం, పొట్ట కొట్టారన్నది, నిజమే.

ఇక ఉగాది. మీ ఉత్తరంలో నాన్నగారి చివరి వారం తేదీలతో సహా ఉంది. 12న పాస్‌బుక్‌లో ఎంట్రీ వేయించుకోవడానికి బ్యాంకుకు వెళ్లారు. అంతకుముందు రెండు రోజులు బ్యాంకు లేదు, ఆ రోజు ఎంత రద్దీ ఉండి ఉంటుందో ఊహించవచ్చు. 13 ఉదయం అన్నయ్య వచ్చాడు. అదే సాయంత్రం నాన్నగారు గుళ్లో పంచాంగ శ్రవణానికి వెళ్లి గంటన్నర కూర్చున్నారు. 17న జ్వరం. వైరస్ సోకాక లక్షణాలు కనిపించడానికి సాధారణంగా నాలుగైదు రోజులు పడుతుంది. కొందరికి రెండు రోజులే, అరుదుగా రెండు వారాలు. ఈ లెక్కకు బ్యాంకు సరిపోతుంది, అన్నయ్య సరిపోతాడు, గుడీ సరిపోతుంది. అది నగరమంతా అంటుకుపోతున్న నెల. నాన్నగారికి జ్వరం వచ్చిన 17వ తేదీనే నాగార్జునసాగర్ ఉప ఎన్నిక పోలింగ్ జరిగింది. రాత్రి కర్ఫ్యూ 20న గానీ పెట్టలేదు. మళ్లీ లాక్‌డౌన్ మే 12న. అప్పటికి నాన్నగారు లేరు.

అన్నయ్యకు అసలు కరోనా వచ్చిందో లేదో కూడా తేలలేదు. ర్యాపిడ్ టెస్ట్‌లో పాజిటివ్ వస్తే నమ్మవచ్చు. నెగెటివ్ వస్తే, లక్షణాలు ఉన్నవారు ల్యాబ్‌లో చేసే ఆర్టీపీసీఆర్ పరీక్ష చేయించుకోవాలన్నది అప్పటి ఐసీఎంఆర్ నియమం. మొదటి రోజుల్లో ఒంట్లో వైరస్ తక్కువగా ఉంటే ర్యాపిడ్ దాన్ని పట్టలేదు. మన దగ్గర ఎక్కువగా చేసింది ర్యాపిడ్ పరీక్షలే. పరీక్షల గురించి హైకోర్టు ప్రభుత్వాన్ని ఎన్నిసార్లు నిలదీసిందో మీరే రాశారు. ఆ రోజు క్యూలో నిలబడినవాడికి "నెగెటివ్, వెళ్లండి" అని చీటీ చేతిలో పెడితే, దాని అర్థం "ఇంకా తెలియదు" అని ఎంతమందికి తట్టింది? ఆయన చేసిన తప్పు ఉంది. ఒళ్లు నొప్పుల మాట దాచాడు. ఆ ఒక్క మాట చెప్పి ఉంటే మీరు గుమ్మంలోంచే పంపేసేవారు. పంపేస్తారని తెలిసే చెప్పలేదేమో. ఏడాదిగా మీ ఇంట్లో ఆ వాదన ఎలా నడిచిందో చూస్తే, ఒంట్లో బాగాలేదని చెప్పడం ఓడిపోవడంలా అనిపించి ఉంటుంది.

ఒక సంగతి పైన సారాంశంలో కావాలనే పెట్టలేదు. ఐదో పేజీలో మీరు ఒక వాక్యం రాసి, వెంటనే ఆసుపత్రి బిల్లుల్లోకి వెళ్లిపోయారు. "మార్చిలో పక్కింటి అంకుల్‌తో కలిసి నాన్న టీకాకు వెళ్తానన్నారు, సెంటర్లో జనం గుంపులుగా ఉన్నారు, కాస్త తగ్గాక వెళ్దువుగానీ అని నేనే ఆపాను." అరవై దాటినవారికి టీకా మార్చి 1 నుంచి మొదలైంది. నాన్నగారికి 69. ఈ మాట అమ్మకు తెలుసనీ, అన్నయ్యకు తెలియదనీ అదే పేజీ చివర ఇంకెక్కడో ఉంది.

అప్పుడు ఒక్క డోసు పడి ఉంటే బతికేవారా? డెల్టా సోకకుండా ఆపడంలో ఒక డోసు బలహీనమే. ఆసుపత్రి దాకా పోకుండా కొంత అడ్డు పడేది. మీ నాన్నగారి విషయంలో ఏమయ్యేదో ఏ పరీక్షా తేల్చలేదు, ఉగాది సంగతిలాగే. మీరు గుంపుకు భయపడి ఆపారు, జాగ్రత్త అనుకునే ఆపారు. చీటీ చూసుకుని వచ్చిన ఆయన కూడా జాగ్రత్త పడ్డాననే అనుకున్నాడు. మీ మీద మరో నేరం మోపడానికి ఇది రాయడం లేదమ్మా. నాలుగేళ్లుగా మీరు అన్నయ్యతో వాదిస్తున్నది హెర్డ్ ఇమ్యూనిటీ గురించి కాదని నాకు అనిపించింది. ఆ ఒక్క వాక్యం మీకు ఊపిరాడనివ్వడం లేదు. ఆయన పూర్తిగా తప్పయితే తప్ప మీది తప్పు కాకుండా పోదన్న లెక్క ఎక్కడో లోపల నడుస్తోంది. ఆయన లోపల కూడా అలాంటిదే నడుస్తూ ఉండవచ్చు. లేకపోతే తన తండ్రి ఆ జబ్బుతో పోయాక, ఇన్నేళ్లకు గ్రూపులో "చివరికి వచ్చింది హెర్డ్ ఇమ్యూనిటీయేగా" అని ఎందుకు రాసుకుంటాడు? వదిన నగలు కుదువ పెట్టి ఆసుపత్రి బిల్లు కట్టాడని, అదీ అమ్మ చెబితే తెలిసిందని మీరే రాశారు. ఆ నగలు విడిపించాడా?

ఇప్పుడు మీ ముందున్న దారులు.

"నీవల్లే" అనేయవచ్చు. నాలుగేళ్లుగా గొంతులో ఉన్నది బయటికి వస్తుంది, ఆ రాత్రి నిద్ర కూడా పట్టవచ్చు. ఆ తర్వాత ఆయన కాదని రుజువు చేయలేడు, మీరు అవునని రుజువు చేయలేరు. అన్నిటికన్నా నాకు బెంగ మీ అమ్మగారి గురించి. టీకా సంగతి తెలిసిన ఆవిడ, మీరు ఆ మాట అన్నప్పుడు అక్కడే ఉంటారు. కొడుకు తరఫున నోరు తెరిస్తే మీరు ఆవిడకు దూరమవుతారు. తెరవకపోతే ఆయన దూరమవుతాడు. తద్దినం రోజున ఆవిడను ఆ ఇరకాటంలో పెట్టకండి. అనాలనే నిర్ణయించుకుంటే వేరే రోజు, ఆవిడ లేని చోట అనండి.

ఏమీ మాట్లాడకుండా వెళ్లి, వడ్డన చేసి, సాయంత్రానికి వచ్చేయవచ్చు. చాలా ఇళ్లల్లో జరిగేది ఇదే, దీన్ని నేను తక్కువ చేయను. అమ్మకు ఇద్దరు పిల్లలూ ఒక గుమ్మంలో కనిపిస్తారు. ఇబ్బంది ఎక్కడంటే, భోజనాలయ్యాక చుట్టాల్లో ఎవరో ఒకరు ఆ రోజులు తవ్వుతారు. "ఆ కరోనా టైంలో..." అని మొదలవుతుంది. అప్పుడు లేచి వంటింట్లోకి వెళ్లిపోగలరా? పోగలనని నమ్మకం ఉంటేనే ఈ దారి.

వెళ్లకపోవచ్చు కూడా. అదేమీ పాపం కాదు. అమ్మను ముందురోజు కలవండి, నాన్న పేరున మీకు తోచింది చేయండి. అయితే అమ్మకు కారణం చెప్పండి. "ఆఫీసులో పని" అనకండి, ఆవిడ నమ్మరు.

నాలుగోది కష్టమైనది. తద్దినానికి ఓ పది రోజుల ముందు అన్నయ్యను ఒక్కడినే కలవడం. గ్రూపులో కాదు, ఫోన్లో కాదు. టీకా గురించి మీ మాట ముందు చెప్పాలి, ఆయన మాట తర్వాత అడగాలి. ఇందులో నష్టం ఉంది. కోపంలో ఉంటే ఆయన దాన్ని పట్టుకుని "అయితే నువ్వే చంపావన్నమాట" అనవచ్చు. వచ్చే గొడవల్లో పదిసార్లు తీయవచ్చు. వదినకు చెబుతాడు, చుట్టాలకు తెలుస్తుంది. అది తట్టుకోలేననిపిస్తే ఇందులో దిగకండి. తట్టుకోగలిగితే, ఆయన ఆ పన్నెండో తారీఖున ఎలా ఉన్నాడో, పండగకు వస్తూ ఏమనుకున్నాడో మీకు మొదటిసారి ఆయన నోటి నుంచే వినే వీలుంటుంది. ఇన్నాళ్లూ అది వదిన చెప్పిన ముక్కే కదా.

నన్నడిగితే నాలుగోదానివైపే కాస్త మొగ్గుతాను. అయితే ఉప్పల్ ఇంట్లో ఉండాల్సింది మీరు, నేను కాదు.

గ్రూపులో ఆ మెసేజ్‌కి మాత్రం జవాబివ్వకండి. స్వీడన్ అంకెలు, పైన నేను రాసిన మనౌస్ సంగతి అక్కడ పెట్టకండి. కలిసినప్పుడు కూడా ఆయన హెర్డ్ ఇమ్యూనిటీ అనగానే అందుకోకండి. టెంట్ హౌస్ ఎలా నడుస్తోందని అడగండి. బండి మళ్లీ కొన్నాడా, ఆ ఆరుగురిలో ఎంతమంది తిరిగి వచ్చారని అడగండి. అప్పట్లో మీరెవరూ ఈ మాట అడిగినట్టు ఉత్తరంలో ఎక్కడా లేదు.

మొదలెలా పెట్టాలో తెలియక ఆగిపోతారేమో. మీ ఐదో పేజీలోని వాక్యం ఉంది కదా, అన్నయ్యతో మీరెప్పుడూ మాట్లాడే తీరులోనే అనండి. "అన్నయ్యా, మార్చిలో నాన్న టీకాకు వెళ్తానంటే నేనే ఆపాను. నీకు చెప్పలేదు." తర్వాత ఇంకేమీ కలపకుండా ఆగండి. ఆయన వెంటనే ఏమీ అనకపోతే, ఆ నిశ్శబ్దాన్ని మీరు నింపబోకండి.